చౌడేశ్వరమ్మ చెవులు

నగరిలో మరమగ్గాల వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట చెవులు మూసుకుంటారు. నాలుగు రోజులు పోతే అరవడం నేర్చుకుంటారు. నెల తిరిగేసరికి అరవడం కూడా దండగ అని తెలిసి చేతులతో మాట్లాడతారు. రెండు వేళ్ళు గిర్రున తిప్పితే నాడెలో కండె మీది నూలు అయిపోయిందని అర్థం. బొటనవేలు గొంతుకు ఆనిస్తే దాహమని. కరెంటు పోయిందని చెప్పడానికి మాత్రం ఎవరూ ఏ చెయ్యీ ఎత్తనక్కర్లేదు, వీధి వీధంతా ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది.

ఆ వీధిలో ఎనిమిది మగ్గాల షెడ్డు ఒకటి వెంకటమునిది. అంటే కరెంటు బిల్లు అతని పేరు మీద వస్తుంది. నడిపేది అతని భార్య చౌడేశ్వరమ్మ. పుట్టింట్లో గుంటమగ్గం మీద చెయ్యి తిరిగిన మనిషి, పెళ్ళయ్యి వచ్చి మరమగ్గాలను కూడా అదే చేత్తో లొంగదీసుకుంది. ఏ మగ్గం మీద పోగు తెగబోతోందో నేసేవాడికన్నా ముందు ఆమె కంట పడుతుంది. తాను ఏ విషయంలోనైనా పొరబడి ఉండవచ్చుననే అనుమానం ఆమెకు పుట్టుకతోనే రాలేదు. అది తప్పని నేననను. అలాంటి మనిషి ఒకరు లేకపోతే ఎనిమిది మగ్గాలు, పదిమంది పనివాళ్ళు, ఒక మెతక మొగుడు ఒక తాటి మీద నడవరు.

ఇంత అధికారమూ ఆమె చాలా మెత్తని గొంతుతో చేసేది. షెడ్డు బయట ఆమె మాట వినాలంటే మనిషి దగ్గరికి జరగాలి. గట్టిగా అరిచేవాళ్ళను చూస్తే ఆమెకు చిరాకు. మూడేళ్ళుగా ఆమెకు మరో చిరాకు కూడా పట్టుకుంది. షెడ్డులో ఉన్నంతసేపూ చక్కగా మాట్లాడే మనుషులు ఇంటికి రాగానే నోట్లో నోట్లో గొణుగుతున్నారు. కరెంటు పోయినప్పుడు షెడ్డులో కూడా అంతే. దీనికి ఆమె ఒక కారణం కనిపెట్టింది. మగ్గాలు ఆడుతున్నంతసేపూ జనానికి ఒంట్లో ఊపు ఉంటుంది, ఆగిపోగానే నీరసం వచ్చి గొంతు లేవదు. ఈ మాట ఆమె వెంకటమునితో కూడా చెప్పింది. అతను తల ఊపాడు. ఆమె చెప్పిన దేనికైనా తల ఊపడం అతనికి అలవాటు.

అత్త నాగులమ్మ దగ్గర మాత్రం ఈ శాస్త్రం చెల్లలేదు. ఆమె వంటింట్లోంచి పిలిస్తే కోడలు పలకదు. వెనకనుంచి ఏదైనా చెబితే తిరిగి చూడదు. అదే మనిషి షెడ్డులో, చెవులు బద్దలయ్యే మోతలో, ఎవడో మూలనుంచి అరిస్తే టక్కున జవాబు చెబుతుంది. చెవుడంటే షెడ్డులో కూడా ఉండాలి గదా? చెవిటివాళ్ళు గొంతు చించుకుని మాట్లాడతారు గదా? ఈమె గొంతు చూస్తే వెన్నపూస. అందుకని నాగులమ్మ తేల్చుకుంది, ఇది పొగరు. అలా తేల్చుకున్నాక ఇక కోడలి ముఖం చూసి మాట్లాడడం మానేసింది. ఆమె వెనకాల నిలబడి అనాల్సినవన్నీ అనేది. జవాబు రాకపోయేసరికి మరీ మండిపోయేది.

అత్తాకోడళ్ళ సంగతి ఎలా ఉన్నా, చౌడేశ్వరమ్మను నిజంగా తినేస్తున్న దిగులు వేరు. అది ఆమె కూతురు.

జ్ఞానాంబకు నాలుగో ఏడు నడుస్తోంది. శ్రీకాళహస్తి అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ కాబట్టి ఆ పేరు పెట్టారు. ఉయ్యాల కట్టింది షెడ్డు వాకిట్లో, అడుగులు నేర్చింది నూలు మూటల మధ్య. పిల్లకు వేళ్ళు తిప్పడం వచ్చు, గొంతుకు బొటనవేలు ఆనించడం వచ్చు. తల్లితో పని పడితే వచ్చి కొంగు పట్టుకుని రెండుసార్లు గుంజుతుంది, చేత్తో చూపిస్తుంది. అంతే. ఒక్క మాట లేదు. నోరు కదుపుతుంది, పెదవులు ఆడతాయి, గొంతు మాత్రం రాదు. నాలుగేళ్ళలో ‘అమ్మా’ అన్న పిలుపు చౌడేశ్వరమ్మ చెవిన పడలేదు.

షెడ్డులో అందరినీ అడిగి చూసింది. పాప మాట్లాడగా ఎవరన్నా విన్నారా? ఎవరూ వినలేదన్నారు. మగ్గాలు ఆడుతున్న చోట నాలుగేళ్ళ పిల్ల గొంతు ఎవరి చెవిన పడుతుందని ఒక్కరికీ తోచలేదు. వెంకటముని రాత్రంతా షెడ్డులో ఉండి పగలు నిద్రపోయే మనిషి. “మాట్లాడతాదనుకుంటా” అన్నాడు. చౌడేశ్వరమ్మ కళ్ళెర్రజేస్తే “ఏమో, మాట్లాడదేమో” అని సర్దుకున్నాడు. నాగులమ్మ ఒక్కతే “పొద్దస్తమానం నా కాడ వాగతానే ఉంటాది” అని ఖండితంగా చెప్పింది. చౌడేశ్వరమ్మ నమ్మలేదు. పిల్ల తన చంకనే ఉండాలని ముసలావిడ ఆడుతున్న నాటకమని ఆమె లెక్క.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఒకరోజు ఆమె పిల్లను చంకనేసుకుని డాక్టరు రంగనాథం దగ్గరికి బయలుదేరింది.

రంగనాథం బస్టాండు పక్కన చిన్న మిద్దెలో ముప్పై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నాడు. ఆయన దగ్గర ఎర్రమందు, తెల్లమందు ఉండేవి. వాటికి లొంగని రోగం నగరిలో తక్కువ. పెద్దాసుపత్రికి చీటీ రాసివ్వడం ఆయనకు ఇష్టం ఉండదని పేరు. అందుకని ఆయన ఎప్పుడైనా చీటీ రాశాడంటే, రోగి ఇల్లు చేరేలోపు వీధిలో ఏడుపులు మొదలయ్యేవి. చీటీ అంటే ఇక ఆశ వదులుకోమని చెప్పడమేనని అందరి నమ్మకం. మందు మార్చమని బతిమాలేవాళ్ళు గానీ చీటీ కావాలని అడిగినవాళ్ళు లేరు. చౌడేశ్వరమ్మ మాత్రం బల్ల మీద కూర్చోకముందే అడిగింది.

“సామీ, తిరప్తి పెద్దాసుపత్రికి ఒక చీటీ రాసియ్యి.”

“ఎవురికమ్మా?”

“పాపకి. నాలుగేండ్లు వస్తా ఉండాది, ఒక్క మాట రాలేదు. నీ ఎర్రమందుకి మాటలొచ్చేట్టుంటే నిన్నే అడుగుదును. రాదు గదా, చీటీ రాసియ్యి.”

రంగనాథం నవ్వి పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. స్టెతస్కోపు దాని మెడలో వేశాడు. “నీ పేరేమ్మా?” అని అడిగాడు. పిల్ల ఆ గొట్టాన్ని నిమురుతూ, తల్లి గొంతంత మెత్తగా, “జ్ఞానాంబ” అంది. అంతటితో ఆగక, “అవ్వ నాకు బొరుగులు ఇస్తానని ఇయ్యలేదు” అని కూడా చెప్పింది.

“సూడు సామీ,” అంది చౌడేశ్వరమ్మ బాధగా. “నువ్వే సూడు. నోరు కదలతాది, గొంతు రాదు.”

రంగనాథం ఆమె వంక కాసేపు చూశాడు. లేచి, నీళ్ళు తాగడానికి పోయినట్టు ఆమె వెనకవైపు ఉన్న కూజా దగ్గరికి పోయాడు. అక్కడ నిలబడి, మామూలు గొంతుతో, “చౌడేశ్వరమ్మా, నీ కొంగుకు నిప్పంటుకునింది” అన్నాడు.

జ్ఞానాంబ ఒక్క గెంతు గెంతింది. పరుగున వచ్చి తల్లి కొంగు పట్టి గుంజి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. చౌడేశ్వరమ్మ కూర్చున్న చోటే నిమ్మళంగా కూర్చుని, “ఏమ్మే, ఏమి కావాల?” అని కూతుర్ని అడిగింది.

రంగనాథం తిరిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కాగితం తీశాడు. ఈసారి ఆమె ముఖంలోకి చూస్తూ, గట్టిగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాడు.

“చీటీ రాస్తా ఉండానమ్మా. పాపకు కాదు. నీకు. పాపకు మాటలొస్తాయి, నీకే ఇనపడలేదు.”

చౌడేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త ఆడే నాటకంలో డాక్టరు కూడా కలిశాడనుకుంది.

“నాకా చెవుడు? సామీ, నువ్వు రేపు మా షెడ్డుకు రా. మగ్గాలు ఎనిమిదీ ఆడతా ఉన్నప్పుడు వచ్చి నిలబడు. ఆ మోతలో నాకన్నా బాగా ఇనేవాళ్ళు ఈ నగరిలో ఒక్కరుంటే సూపించు. నువ్వేం చెప్పినా తిరిగి చెప్తా. ఇంటికాడ జనం గొణిగితే నేనేం జేసేది?”

రాస్తున్న పెన్ను ఆగింది. రంగనాథం ముఖంలో ఒక వింత సంతోషం కనబడింది. ఆమె అన్న మాట ఇంకోసారి చెప్పమన్నాడు. మోతలో బాగా వినపడుతుందా? మోత లేకపోతేనే వినపడదా? నిజమేనా?

“అబద్ధం చెప్పే అవసరం నాకేముండాది?” అంది చౌడేశ్వరమ్మ.

“రేపు వస్తా,” అన్నాడు రంగనాథం.

డాక్టరు పందెం కట్టి షెడ్డుకు వస్తున్నాడన్న వార్త వీధంతా పాకింది. మర్నాడు మధ్యాహ్నం పక్క షెడ్ల వాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. నాగులమ్మ కూడా వచ్చింది. కోడలి పొగరు అణగడం కళ్ళారా చూడాలని ఆమె ముచ్చట. పిల్ల ఆమె పక్కనే ఉంది.

మగ్గాలన్నీ ఆడుతున్నాయి. చౌడేశ్వరమ్మను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు రంగనాథం, పెదవులు చూసి పోల్చుకోకుండా. తాను ఆమె వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు, “చింతపండు!”

“చింతపండు,” అంది ఆమె. గోడ పక్కనే నిలబడిన వెంకటముని ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విని, అవునని చెయ్యి ఎత్తి చూపించాడు.

“తమలపాకు!”

“తమలపాకు.”

“సత్రవాడ!” “ఏకాంబరకుప్పం!” చుట్టుపక్కల ఊళ్ళ పేర్లతో సహా ఒక్కటీ తప్పిపోలేదు. పనివాళ్ళలో చెవి చురుకైనవాడని పేరున్న ఒకణ్ణి పక్కన నిలబెట్టి అడిగితే వాడు చింతపండును చీపురుపుల్ల చేశాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు ఎవరికీ వినపడలేదు, అందరి పళ్ళూ కనబడ్డాయి. చౌడేశ్వరమ్మ గోడకేసి చూస్తూనే గడ్డం రవ్వంత పైకెత్తింది.

అప్పుడు రంగనాథం వెంకటమునికి చెయ్యి ఊపాడు. వెంకటముని వెళ్ళి మెయిన్ కట్టేశాడు. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఊపిరి విడిచినట్టు ఆగిపోయాయి. వాకిట్లో ఎవరో దగ్గితే స్పష్టంగా వినపడింది. రంగనాథం నిలబడిన చోటినుంచి కదల్లేదు. ఇంట్లో మనుషులు మాట్లాడుకునే గొంతుతో, “చింతపండు” అన్నాడు.

చౌడేశ్వరమ్మ గడ్డం అలాగే ఎత్తి నిలబడి ఉంది.

“తమలపాకు,” అన్నాడు రంగనాథం.

ఆమె తరువాతి మాట కోసం ఎదురుచూస్తోంది. మధ్యలో ఒకసారి కొంగు సవరించుకుంది.

“చౌడేశ్వరీ,” అంది నాగులమ్మ. “యోమే, చౌడేశ్వరీ!”

ఎవరూ నవ్వలేదు. జ్ఞానాంబ అవ్వ చెయ్యి విడిపించుకుని పోయి తల్లి కొంగు రెండుసార్లు గుంజింది. చౌడేశ్వరమ్మ గర్వంగా వెనక్కి తిరిగి, “ఏమి సామీ, ఇంగ అడగవా?” అంది. అప్పుడు ఆమెకు అందరి ముఖాలూ కనబడ్డాయి. అత్త రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. మగ్గాలు ఆగి ఉన్నాయి.

పుట్టి బుద్ధెరిగాక చౌడేశ్వరమ్మకు నిజంగా భయం వేసింది అప్పుడే.

రంగనాథం ఆమెను నూలు మూట మీద కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని, గట్టిగా చెప్పాడు. “చెవి లోపల బియ్యపు గింజకన్నా చిన్న ఎముక ఒకటి ఉండాదమ్మా. శబ్దం వచ్చినప్పుడల్లా అది ఆడాల. నీకది బిగుసుకుపోయింది. పెట్టెలో నాడె ఇరుక్కున్నట్టు అనుకో. కొందరు ఆడోళ్ళకు కాన్పు తర్వాత ఇది ముదురుతాది. మాకందరికీ మగ్గాల మోత అడ్డం పడతాది. నీకు ఆ మోత సగం కూడా చేరదు. మోతలో జనం గొంతు చించుకుంటారు గదా, ఆ కేక మాత్రం నీకు అందతాది. అందుకే ఈడ నువ్వు రాణివి. నీ గొంతు నీకు లోపల్నుంచి బాగా ఇనపడతాది కాబట్టి మెల్లింగా మాట్లాడతావు. నిన్న నువ్వు బడాయిగా చెప్పిన మాటే నాకు రోగం పేరు చెప్పింది.”

ఆమె రోగం పేరు అడగలేదు. కూతురి వంక చూసి, “మరి పాపకి మాటలు ఎప్పుడొస్తాయి?” అంది.

“వచ్చి రెండేండ్లయింది,” అంది నాగులమ్మ, ఎదురుగా వచ్చి వంగి.

చౌడేశ్వరమ్మ ఆ మూట మీదే చాలాసేపు కూర్చుంది. చెవుడు వచ్చినందుకు కాదు ఆమె బాధ. తన కడుపున పుట్టిన పిల్ల రెండేళ్ళపాటు తన ఎదుట నిలబడి మాట్లాడితే, నోరు కదుపుతోందని అనుకుంది. ఆఖరికి పిల్ల కూడా విసిగి, ఈ అమ్మతో చేతులతోనే పని అని తేల్చుకుంది. ఆ పోయిన మాటలు మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు?

“చీటీ రాస్తాను,” అన్నాడు రంగనాథం లేస్తూ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె అప్పుడే కొంగు కళ్ళకు అద్దుకోవడం చూసి ఆయనకు కోపం వచ్చింది. “ఏమ్మా, ఎవరన్నా సచ్చినారా ఈడ? బాగయ్యే చెవుడు కాబట్టే చీటీ రాస్తా ఉండా. నా చేతిలో లేనిది ఇంకొకరి చేతిలో ఉంటేనే నేను రాసేది. ఎవరి చేతిలోనూ లేనిదానికి నేను చీటీ రాయను, ఇంట్లోనే ఉంచుకోమని చెప్తాను. ముప్పై ఏండ్లుగా మీకీ మాట ఎక్కలేదు.”

చౌడేశ్వరమ్మ కూడా లేచింది. భయం ఆమె దగ్గర ఎక్కువసేపు నిలవదు. “మెయిన్ ఎయ్యండి,” అంది పనివాళ్ళతో. “ఊరికే నిలబడితే పడుగు నడస్తాదా?”

ఆ సాయంత్రం నాగులమ్మ వచ్చి కోడలి ముందు కూర్చుంది. మూడేళ్ళలో ఆమె కోడలి ముందు కూర్చోవడం అదే మొదలు.

“ఇన్నాళ్ళూ నీ ఎనకాల నిలబడి శానా అనేసినా,” అంది గట్టిగా.

“ఏమేమి అన్నావత్తా?”

“అన్నీ చెప్పాలంటే పొద్దు చాలదు.”

“మంచి మాట ఒకటన్నా ఉండాదా?”

నాగులమ్మ కాసేపు ఆలోచించింది. “లేదు,” అంది నిజాయితీగా.

“అట్లయితే ఇనపడకపోయిందే మేలు,” అంది చౌడేశ్వరమ్మ. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నాగులమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది కూడా. తిరుపతికి తానే తోడు వస్తానని చెప్పింది. వెంకటముని మగ్గాలు చూసుకోవాలి కాబట్టి అదే ఖాయమైంది.

పుత్తూరు మీదుగా పోయే బస్సులో అత్త, కోడలు, పిల్ల తిరుపతి చేరారు. పెద్దాసుపత్రిలో చెవుల విభాగం డాక్టరు జయరామ్ చిన్నవాడు, నెమ్మదస్తుడు. రంగనాథం రాసిన చీటీని నిలబడే చదివి, కూర్చుని మళ్ళీ చదివాడు. “మగ్గాల షెడ్డుకు పోయి చెవి పరీక్ష చేసిన డాక్టరు గురించి ఇదే వినడం,” అని నర్సుతో అన్నాడు. తరువాత కొసన రెండుగా చీలిన ఇనుప కర్రలాంటిది ఒకటి తీసి, తన మోకాలికి కొట్టి ఆమె చెవి పక్కన పెట్టాడు. ఆమెకు ఏమీ వినపడలేదు. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించాడు. గుయ్యిమని మోగింది. చౌడేశ్వరమ్మ ఉలిక్కిపడి, పక్కన ఎవరైనా కూశారేమోనని చూసింది.

“నీ చెవి నరం బాగుందమ్మా. దారిలో అడ్డం ఉంది, అంతే. ముందు ఒక చెవికి ఆపరేషన్ చేస్తాను,” అన్నాడు జయరామ్ గట్టిగా. “కానీ నిజం చెప్పాలి. పదిమందికి చేస్తే ఒకరిద్దరికి వినికిడి రాకపోవచ్చు, ఉన్నది పోనూవచ్చు.”

“మిగిలిన ఎనిమిది మందిలో నేనుంటాలే సామీ,” అంది చౌడేశ్వరమ్మ. ఆ ఒకరిద్దరి సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. నాగులమ్మ మాత్రం ఆ మాట విని రెండు పూటలు అన్నం తినలేదు.

చిక్కల్లా జుట్టు దగ్గర వచ్చింది. ఆపరేషన్‌కు ముందు చెవి చుట్టూ నాలుగు వేళ్ళ మేర జుట్టు తీసెయ్యాలని నర్సు చెప్పింది. నడుము దాటే జడ చౌడేశ్వరమ్మది. ఆమె నర్సు వంకా, కిటికీలోంచి కనబడుతున్న కొండ వంకా చూసింది.

“కొండ కింద కూర్చొని నాలుగు వేళ్ళ మందం మంగలికిచ్చేదేంది? ఇచ్చేదేదో సామికే ఇస్తా. ఆపరేషన్ ఎల్లుండి గదా, పొయ్యొస్తాం,” అని బయలుదేరింది.

మర్నాడు సాయంత్రం వార్డులోకి రెండు గుండ్లు వచ్చాయి. కోడలితోపాటు నాగులమ్మ కూడా ఇచ్చేసింది. “నీకేమి మొక్కు అవ్వా?” అని నర్సు అడిగితే, “మూడేండ్ల తిట్లు ఉండాయిలే మా ఇద్దరి నడమ” అంది ముసలావిడ, తల మీద చందనం ఆరబెట్టుకుంటూ. జ్ఞానాంబ ఇద్దరి గుండ్లనూ మార్చి మార్చి తడిమింది.

ఆపరేషన్ స్పృహలో ఉండగానే చేశారు. చెవి చుట్టూ మత్తు సూది వేసి, ముఖం మీద గుడ్డ కప్పారు. చౌడేశ్వరమ్మ లోపల స్వామిని తలుచుకుంటూ, మధ్యమధ్యలో మూడో మగ్గం పడుగు బీము మార్చారో లేదోనని కూడా తలుచుకుంటూ పడుకుంది. ఎంతసేపైందో తెలియదు. ఉన్నట్టుండి ఆమె తలలో ఏదో తలుపు తెరుచుకుంది. పళ్ళెంలో ఇనుప ముక్క పడిన చప్పుడు. ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నారు. పైన ఫ్యాను కీచుమంటోంది.

“వినపడుతోందా అమ్మా?” అన్నాడు జయరామ్.

“మెల్లింగా సామీ, చెవి పగిలిపోతా ఉండాది,” అంది చౌడేశ్వరమ్మ. గుడ్డ కింద ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అక్కడున్నవాళ్ళకు తెలియలేదు.

తరువాత చెవికి దూది కుక్కి కట్టు కట్టారు. తల తిప్పకుండా కొన్నాళ్ళు పడుకోమన్నారు. ఆమెకు అన్నింటికన్నా కష్టమైన వైద్యం అదే. కట్టు విప్పాక ఇల్లు చేరారు. షెడ్డులోకి పోయేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోవాలని, మోత ఆ చెవికి మంచిది కాదని జయరామ్ చెప్పి పంపాడు.

నగరిలో ఆ గుండు చూసినవాళ్ళు కొండకు పోయిందనుకున్నారు. చెవి బాగైందని తెలిశాక అంతా స్వామి మహిమ అన్నారు. రంగనాథం ఆ మాట విని, ఆ స్వామికి కూడా చీటీ రాసింది తానేనని ఒప్పుకోమన్నాడు. షెడ్డులో తమాషా తిరగబడింది. మోతలో ఇప్పుడు చౌడేశ్వరమ్మకు అందరిలాగే ఒక్క మాటా తెలియడం లేదు. “ఇంత మోతలో ఎట్ట బతకతా ఉండారురా నాయనా!” అని ఆశ్చర్యపోయి, చేతులతోనే పని చేయిస్తోంది. ఇంట్లో మాత్రం వంటింట్లో చెంచా కదిలినా ఆమెకు తెలుస్తోంది. నాగులమ్మ తన గొణుగుడు పెరట్లోకి మార్చుకోవలసి వచ్చింది.

ఇంత జరిగినా అసలు పని ఒకటి మిగిలిపోయింది. పిల్ల పిలవలేదు.

బస్సులో అవ్వతో మాట్లాడింది. పెరట్లో పిల్లితో మాట్లాడింది. చౌడేశ్వరమ్మ తలుపు చాటున నిలబడి ఆ మాటలన్నీ విన్నది. బొరుగుల సంగతి, పిల్లి అలిగిన సంగతి, అన్నీ. ఆ మెత్తని గొంతు ఎక్కడిదో ఆమెకు బాగా తెలుసు. కానీ తల్లి కనబడితే చాలు, జ్ఞానాంబ నోరు మూసుకుని కొంగు గుంజేది, వేళ్ళు తిప్పేది. అమ్మ అంటే చేతుల భాష అని ఆ పిల్లకు స్థిరపడిపోయింది. “నోటితో చెప్పమ్మా, ఇప్పుడు ఇనపడతాది” అని చౌడేశ్వరమ్మ ఎంత బుజ్జగించినా సిగ్గుపడి పరుగెత్తేది. డాక్టర్ల పని అయిపోయింది. దీనికి ఏ ఊరికి చీటీ రాయించుకోవాలి?

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయాయి, వీధి నోరు మూసుకుంది. పనివాళ్ళు వాకిట్లో గాలికి చేరారు. చౌడేశ్వరమ్మ చెవుల్లో దూది తీసి, గోడవైపు తిరిగి నూలు చిలపలు సర్దుతోంది. వెనకనుంచి కొంగు కదిలింది. రెండు గుంజులు.

చౌడేశ్వరమ్మ తిరగలేదు.

మళ్ళీ గుంజింది పిల్ల, ఈసారి గట్టిగా. బొటనవేలు గొంతుకు ఆనించి ఉంటుందని చౌడేశ్వరమ్మకు తెలుసు. దాహం. పాపం, ఎండలో తిరిగి వచ్చి ఉంటుంది. చెయ్యి చెంబువైపు పోబోతే ఆపుకుంది. ఎనిమిది మగ్గాలను లొంగదీసిన మొండితనమంతా కూడగట్టుకుని గోడను చూస్తూ నిలబడింది. మూడోసారి గుంజేసరికి కొంగు భుజం మీదనుంచి జారి పడిపోయింది. అయినా కదల్లేదు.

వెనక కాసేపు ఏ చప్పుడూ లేదు. తరువాత, చాలా మెత్తగా, అనుమానంగా, “అమ్మా” అని వినపడింది.

చౌడేశ్వరమ్మ చేతిలో నూలు చిలప అలాగే ఉండిపోయింది. ఇప్పుడు కూడా తిరగలేదు.

వాకిట్లోంచి చూస్తున్న నాగులమ్మకు ఓపిక నశించింది. “మే, పాప పిలస్తా ఉంటే ఇనపడలేదా నీకు? గుండు గీయించుకొని, చెవి కోయించుకొని వచ్చి ఏమి లాభం!”

“ఇనపడిందిలే అత్తా,” అంది చౌడేశ్వరమ్మ, గోడకేసే చూస్తూ. ఆమె కళ్ళనిండా నీళ్ళు ఉన్నాయి, ఆ ముఖం పనివాళ్ళకు చూపించడం ఆమెకు ఇష్టం లేదు. “ఇంగోసారి పిలవమను.”